మావయ్య రిజిస్టరులో జనగామ పేజీ

పోయిన నెలలో మా మల్లికి టీకా వేయించడానికి తార్నాక మెట్రో స్టేషను వెనక సందులో ఉన్న కుక్కల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మల్లి మా ఇంటి డాష్‌హౌండ్. కాళ్ళు జానెడు, ఒళ్ళు బారెడు, పెత్తనం మాత్రం ఇల్లంతా తనదే. అక్కడ బెంచీ మీద నా పక్కన ఒక అమ్మాయి కూర్చుని ఉంది. క్యాంపస్‌లో రీసెర్చ్ చేస్తోందట. ఒళ్ళో అదే జాతి కుక్కపిల్ల, మూడు నెలలది, మల్లిని చూసి కిందికి దిగడానికి గింజుకుంటోంది. కుక్కలున్నవాళ్ళు ఒకరి పేరు ఒకరు అడక్కుండానే స్నేహితులైపోతారు కాబట్టి, ఆ అమ్మాయి ముందు మల్లి వయసు అడిగి, తరువాత ఫోను తీసి తన పిల్ల వంశావళి నాకు చూపించడం మొదలుపెట్టింది.

"మాది జనగామ లైన్ మేడం," అంది గొప్పగా. "అసలు ఇవి గాడ్నుంచే వచ్చినయట. మా ఊరు కూడా గటు దిక్కే, అందుకే దీన్నే తీస్కున్న."

ఆ జనగామ లైన్లో మొదటి కుక్కలేవీ జనగామ మొహం చూడలేదని నాకు తెలుసు. ఆ మాట చెప్పి పిల్ల సంతోషం పాడుచెయ్యడం ఎందుకని ఊరుకుని, కళ్ళజోడు పెట్టుకుని ఫోనులోకి చూశాను. రంగులు మారాయి, ఫోటోలు చేరాయి, ఆ పేజీ నేను కట్టినప్పుడు లేని సోకులన్నీ వచ్చాయి గానీ, తండ్రి మీద తాత, తాత మీద ముత్తాత, ఆ మెట్ల వరస మాత్రం నేను వేసిందే. ఆ అమ్మాయి వేలితో పైకి పైకి జరుపుతూ పోయి, అన్నిటికన్నా పైనున్న ఒక పేరు దగ్గర ఆగి, దాని కింద సన్నటి అక్షరాల్లో ఉన్న నాలుగు ముక్కలు చదివింది. ఆ ముక్కలు టైపు చేసింది నేను, చెప్పి రాయించింది మా మావయ్య. పాతికేళ్ళు కావస్తోంది. ముక్కూ మొహం తెలియని పిల్ల నోట అవి వినేసరికి గర్వం ఆపుకోలేక మల్లి మెడపట్టీ సవరిస్తున్నట్టు తల వంచుకుని కూర్చున్నాను.

మా నాన్న పోయాక గుడివాడ నుంచి అమ్మనూ నన్నూ తార్నాకకు తెచ్చి తన ఇంట్లో పెట్టుకున్నవాడు మావయ్య, అమ్మకు అన్న. రైల్వేలో గుమాస్తా. ఆదివారం చర్చిలో కార్యదర్శి. మిగిలిన వేళల్లో కుక్కల మనిషి. ఎవరో పై ఆఫీసరు బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక డాష్‌హౌండ్ జంటను ఆయన చేతిలో పెట్టి వెళ్ళాడు, అంతే, అప్పటినుంచి ఆ ఇంట్లో పొట్టి కాళ్ళ చప్పుడు లేని రోజు లేదు. మా అత్తయ్య పెళ్ళయిన కొత్తలో గునిసిందట గానీ, నేను వచ్చేనాటికి కుక్కలకు పెట్టాకే మావయ్యకు వడ్డించేది.

ఆ రోజుల్లో కుక్కలు పెంచే వాళ్ళందరికీ కాగితాల పిచ్చి ఉండేది. ఇది ఫలానా కుక్క కొడుకు, ఫలానా దాని మనవరాలు అని చూపించే కాగితం లేకపోతే ఎంత చక్కని కుక్కయినా చులకనే. మావయ్య జంటనగరాల్లో ఉన్న డాష్‌హౌండ్లన్నిటి వంశావళీ పొడుగాటి రిజిస్టర్లలో రాసేవాడు. ఎవరింట్లో పిల్లలు పుట్టాయని కబురొచ్చినా, అంబర్‌పేట కానీ కాచిగూడ కానీ మౌలాలి కానీ, స్కూటరేసుకుని వెళ్ళి, పిల్లలు కళ్ళు తెరవకముందే తన కళ్ళతో చూసి, లెక్కపెట్టి, అప్పుడు గానీ రిజిస్టరులో ఎక్కించి సంతకం పెట్టిన కాగితం ఇచ్చేవాడు కాదు. పెద్ద క్లబ్బులిచ్చే పత్రాలకన్నా మావయ్య సంతకానికే మా కుక్కలవాళ్ళలో విలువ ఎక్కువ. ఆ సంగతి ఆయనకూ తెలుసు, తెలియనట్టు నటించడం కూడా బాగా వచ్చు.

ఒక్కో ఈత పిల్లలకూ, అంటే ఒకే కాన్పులో పుట్టినవాటికి, ఒక ఇంటిపేరు పెట్టాలి కదా, మొదట్లో బైబిలు పేర్లు పెట్టబోతే పాస్టరు గారు ఒప్పుకోలేదు. దాంతో మావయ్య తనకు కంఠతా వచ్చిన ఇంకో జాబితా పట్టుకున్నాడు, అది సికింద్రాబాదు నుంచి విజయవాడ వెళ్ళే దారిలో వచ్చే రైల్వే స్టేషన్లు. తన ఇంట్లో పుట్టిన మొదటి ఈతకు సికింద్రాబాదు, రెండో ఈతకు మౌలాలి, తరువాత చర్లపల్లి, ఘటకేసరు, బీబీనగర్, భువనగిరి, ఆలేరు, జనగామ, ఇలా ఈత ఈతకూ ఒక్కో స్టేషను దాటుతూ మా వైపు ప్రయాణం. విజయవాడ చేరే ఈతతో కుక్కల పని చాలిస్తానని అత్తయ్యకు మాటిచ్చాడు. అత్తయ్య నమ్మలేదు.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు కథంతా దానిమీదే నడిచింది. చర్చిలో బాప్తిస్మాలకు ఒక పుస్తకం, సమాధులకు ఇంకో పుస్తకం ఉండేవి, రెండూ రాసేది మావయ్యే. అదే పద్ధతి కుక్కలకూ పెట్టాడు. పుట్టినవి నీలం అట్ట రిజిస్టర్లలో, పోయినవి నల్ల అట్ట రిజిస్టరులో. నీలం పుస్తకాలు అందరూ అడిగి చూసేవాళ్ళు. నల్లది బీరువాలో పైఅరలో ఉండేది, ఆయన తప్ప ముట్టుకున్నవాళ్ళు లేరు.

నాకు చదువయ్యాక యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లో ఉద్యోగం దొరికింది. తార్నాక నుంచి చెట్ల కింద నడిచి వెళ్ళేదాన్ని, దారిలో నెమళ్ళు అడ్డం వచ్చేవి. సెంటరు రెండో అంతస్తులో, చల్లగా, గుడిలోకో మసీదులోకో వెళ్ళినట్టు గుమ్మం బయటే చెప్పులు విప్పి వెళ్ళాలి. దుమ్ము పడితే యంత్రాలకు జ్వరం వస్తుందని అప్పటి నమ్మకం. ఇంటర్నెట్ వచ్చిన కొత్త. ఒక పేజీ తెరుచుకునేలోపు ఒక టీ తాగి రావచ్చు. విదేశాల్లో ఎవరో తమ కుక్కల వంశావళి అందరికీ కనిపించేలా పెట్టారని ఒక రోజు నా కంట పడింది. పెట్టినవాళ్ళు పెద్ద శ్రద్ధగా ఏమీ చెయ్యలేదు, సగం కుక్కలకు అమ్మలే లేరు. మా మావయ్య రిజిస్టర్ల ముందు ఇదెంత అనిపించింది.

మావయ్యను ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది. ఒప్పుకున్నాక ఆయన హడావుడికి అంతు లేదు. మా ఆఫీసరు గారి అనుమతితో రెండో శనివారాలు మధ్యాహ్నం పూట కూర్చుని, నీలం పుస్తకాలన్నీ ఒక్కో కుక్కా ఒక్కో వరసగా ఎక్కించాను. ఏడాది పట్టింది. చివర్లో నాకే అనిపించింది, బతికున్నదేదో పోయిందేదో తెలియకపోతే ఎలాగని. నల్ల పుస్తకం అడిగితే మావయ్య ఏ ఆలోచనా లేకుండా తీసి ఇచ్చాడు. అలా పుట్టుకా చావూ మొదటిసారి ఒకే వరసలో పక్కపక్కన చేరాయి.

నా ప్రోగ్రాము గురించి నేను చెప్పుకుంటే సొంత డబ్బా అనుకుంటారు, అయినా చెప్పుకుంటాను. తల్లికన్నా ముందు పుట్టిన పిల్లలు, ఏడాది నిండకుండానే తండ్రయిన కుక్కలు, ఇలాంటి పొసగని వరసలన్నీ ఏరి కాగితం మీద అచ్చు వేసేలా రాశాను. మొదటిసారి నడిపితే బారెడు కాగితం వచ్చింది. దాదాపు అన్నీ నా టైపింగు తప్పులే, ఒక్కటి తప్ప. మావయ్య ఇంట్లోని డ్యూక్ అనే కుక్క గుడ్ ఫ్రైడే ముందు రోజు చనిపోయింది. జనగామ ఈత పిల్లలు ఆగస్టు మొదటి వారంలో పుట్టాయి. ఆ పిల్లల తండ్రి డ్యూక్. కుక్క కడుపు మోసేది రెండు నెలలే, గుడ్ ఫ్రైడే నుంచి ఆగస్టుకు మూడు నెలల పైమాటే. రెండు పుస్తకాలూ తెచ్చి అక్షరం అక్షరం చూశాను, రెంటిలోనూ మావయ్య గుండ్రటి చేతిరాతే.

డ్యూక్ అంటే మా కుక్కలవాళ్ళలో మహారాజు. దాని పేరు తాతగా ఉంటే చాలు, పిల్లలు పుట్టకముందే మాట్లాడేసుకునేవాళ్ళు. జనగామ ఈత నుంచి అప్పటికి నలభై దాకా కుక్కలు పుట్టాయి. మావయ్యకు పోటీల్లో కప్పులు తెచ్చిపెట్టిన కుక్కా అందులోదే. నలభై కాగితాల మీదా మావయ్య సంతకం ఉంది.

ఆ సాయంత్రం నేను కాగితం చూపిస్తే మావయ్య చాలాసేపు చూసి మడిచి ఇచ్చాడు.

"డ్యూక్ పోయిన తారీఖు జూలై అని మార్చెయ్యి," అన్నాడు.

"గుడ్ ఫ్రైడే ముందొచ్చే మట్టలాదివారానికి బాగానే ఉన్న డ్యూక్ శుక్రవారానికి లేదని మీరే అన్నారు కదా మావయ్యా. నల్ల పుస్తకంలోనూ అలాగే రాశారు."

ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. అసలు సంగతి వంటింట్లో చేపలు కడుగుతూ అత్తయ్య చెప్పింది. మౌలాలిలో ఉండే రైల్వే గార్డు గారు మావయ్యకు ప్రాణస్నేహితుడు. ఆయన దగ్గర రోసీ అనే కుక్క ఉండేది, డ్యూక్‌తో జత కట్టించాలని ఆయనకు ఎన్నాళ్ళనుంచో ఆశ. ఆరు నెలలు కాజీపేటలో పని పడితే రోసీని మావయ్య ఇంట్లో వదిలి, ఎదకు వచ్చినప్పుడు డ్యూక్‌తో కలపమని చెప్పి వెళ్ళాడు. రోసీ ఎదకు వచ్చేలోపే డ్యూక్ పోయింది. స్నేహితుడికి ఆ మాట రాయడానికి మావయ్యకు చెయ్యి రాలేదు, రేపు రాద్దాం మాపు రాద్దాం అని నెట్టాడు. ఇంతలో రోసీ ఎదకు వచ్చింది. ఆ ఇంట్లో ఇంకో మగకుక్క ఉంది, పేరు బుల్లోడు. మౌలాలి గేటు దగ్గర ఎవరో బుట్టలో వదిలేస్తే అత్తయ్య ఎత్తుకొచ్చి పెంచింది. చూడ్డానికి డాష్‌హౌండే గానీ అమ్మానాన్నలెవరో దేవుడికే తెలియాలి.

"బుల్లోడున్న పెరటి తలుపు తీసింది నేనేనే," అంది అత్తయ్య, చేపల గిన్నెలోంచి తలెత్తకుండా. "తరవాత గార్డు గారు వచ్చి పిల్లల్ని చూసి డ్యూక్ పోలికేనని మురిసిపోతుంటే మీ మావయ్యకు నిజం చెప్పబుద్ధి కాలేదు. జత కట్టాకే పోయిందని చెప్పేశాడు. ఒక్క తారీఖు మారిస్తే ఎవరు చూడొచ్చారు, అమ్మాయీ? ఆయన తల వంచుకోవడం నేను చూడలేను."

నేనూ చూడలేను. నాకు నీడ ఇచ్చి, చదివించి, నా ఉద్యోగం ఉత్తరువు వస్తే అది దేవుడి మేలని చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పిన మనిషి. ఆ రెండో శనివారం ఒక్కదాన్నే కూర్చుని ఆ గడిలో జూలై అని కొట్టాను కూడా. ప్రోగ్రాము మళ్ళీ నడిపితే ఆ వరస కాగితం మీదికి రాలేదు, అంతా చక్కగా పొసిగిపోయింది. అప్పుడే నాకు భయం వేసింది. ఇలా ఒక్క గడి మార్చొచ్చని నాకు తెలిశాక ఇక మిగతా వెయ్యి గడుల్ని నేనెలా నమ్మను? చెరిపేసి, ఉన్న తారీఖే మళ్ళీ కొట్టి, పేజీని బయట పెట్టకుండా అలాగే వదిలేసి ఇంటికి వచ్చాను. ఆ మాట మావయ్యకు చెప్పాను. ఆయన నాలుగు ఆదివారాలు నాతో మాట్లాడలేదు. చర్చిలో నా వరస దాటి ముందుకెళ్ళి కూర్చునేవాడు, నేనేమో పాటల పుస్తకంలో తల దాచుకుని ఏడ్చేదాన్ని.

తరువాతి రెండో శనివారం మధ్యాహ్నం సెంటరు గుమ్మంలో ఎవరో దగ్గినట్టయితే తలెత్తి చూశాను. మావయ్య. నా ఆఫీసు ఎలా ఉంటుందో చూడ్డానికైనా అంతకుముందు ఎప్పుడూ రాలేదు. చర్చికి వేసుకునే కోటు వేసుకుని, ఎండలో తార్నాక నుంచి నడిచి వచ్చి, లోపలికి రావాలంటే బూట్లు విప్పాలని మా బంట్రోతు చెబితే కంగారుపడుతున్నాడు. ఎందుకో విప్పాక గానీ తెలియలేదు, ఎడమకాలి మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లు ఉంది. ఆ చల్లటి నాపరాళ్ళ మీద వేలు ముడుచుకుంటూ నడిచి వచ్చి నా పక్క కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"తియ్యవే ఆ జనగామ," అన్నాడు.

తీశాను. తండ్రి గడిలో డ్యూక్ తీసేసి బుల్లోడు అని కొట్టమన్నాడు. దాని వంశం దగ్గర తెలియదు అని కొట్టమన్నాడు. కింద ఒక మాట రాయాలన్నాడు. అప్పట్లో తెరమీద తెలుగు అక్షరాలు రావడం గగనం కాబట్టి తన రైల్వే ఇంగ్లీషులోనే చెప్పాడు. తెలుగులో అంటే ఇంత: ఈ పిల్లల తండ్రి డ్యూక్ అని నేను రాసింది అబద్ధం, డ్యూక్ అప్పటికే చనిపోయింది, తండ్రి బుల్లోడు, నేను ఇచ్చిన కాగితాలు తెస్తే దిద్ది ఇస్తాను. చివర తన పేరు.

"పొరపాటున రాశాను అని చేర్చనా మావయ్యా?" అన్నాను, నా వల్ల కాక.

"పొరపాటు కాదే. తెలిసే రాశాను. ఆ ముక్క కూడా కొట్టు."

కొట్టాను. మరి మౌలాలి గార్డు గారికో, అని అడిగితే, పొద్దున్నే వెళ్ళి చెప్పొచ్చానన్నాడు. ఏమన్నారంటే, "ఏమీ అనలేదు. టీ కూడా ఇవ్వలేదు," అన్నాడు. ఆ ఇంట్లో మావయ్య టీ తాగకుండా గుమ్మం దిగడం ముప్ఫై ఏళ్ళలో అదే మొదటిసారి. ఆ మధ్యాహ్నమే ఉచితంగా చోటిచ్చే ఒక వెబ్‌సైటులో మా పేజీ లోకానికి కనిపించేలా పెట్టాను. మీట నొక్కాల్సింది నేనే అయినా, ఆయన్ను నొక్కమన్నాను. కళ్ళజోడు సర్దుకుని, స్టాంపు వేసినట్టు గట్టిగా నొక్కాడు.

దాని ఫలితం ఆ నోటా ఈ నోటా పాకి వారంలోనే మా గుమ్మంలోకి వచ్చింది. అంబర్‌పేటలో ఉండే ఒక పెద్దమనిషి కుక్కతో సహా వచ్చి వీధిలో నిలబడి అరిచాడు. "ఏంది సార్ గిది? మా టైసన్ డ్యూక్ మనవడని బస్తీల అందరికీ చెప్పుకున్న. ఇప్పుడు దాన్ని దిక్కులేని కుక్కను చేస్తిరి. ఏం మొహం పెట్టుకొని తిరగాలె?" మావయ్య అరుగు మీద నిలబడే అన్నీ విన్నాడు. ఆ పెద్దమనిషి అరుపులు ఆగాక కాగితం అడిగి తీసుకుని, పాత పేరు కొట్టేసి, కొత్త పేరు రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. టైసన్ మాత్రం ఆ కాసేపూ మావయ్య కాలి మీద తల పెట్టుకుని పడుకుంది. అలాంటివాళ్ళు ఇంకా చాలామంది వచ్చారు, కొందరు రావడమే మానేశారు. కొన్నాళ్ళు ఎవరింట్లో పిల్లలు పుట్టినా మావయ్యకు కబురు రాలేదు. స్కూటరు తుడిచి లోపల పెట్టేవాడు. నేనే ఆయన పరువు తీశానని రోజూ కుళ్ళిపోయేదాన్ని.

రెండు నెలల తరువాత మౌలాలి గార్డు గారు వచ్చారు. కూర్చోలేదు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచారు.

"ఊర్లోల్లందరి కాగితాలు దిద్దినవట. నాది దిద్దలే," అన్నారు. "గీడ కొట్టేసి రాయి. నా ముంగట రాయి."

మావయ్య రాశాడు, బుల్లోడి పేరు వంకరగా పడింది. గార్డు గారు ఆ కాగితం ఆరేదాకా ఊది, మడిచి జేబులో పెట్టుకుని, అప్పుడు కుర్చీ లాక్కున్నారు. "చాయ్ తాగుతా వదినా," అని లోపలికి కేకేశారు. అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ టీలో పంచదారకు బదులు ఏమి వేసిందో గానీ నోట పెట్టుకునేలా లేదు, అయినా ముగ్గురం పూర్తిగా తాగాం.

అసలు గొప్ప సంగతి ఆ తరువాతది. కోయంబత్తూరు నుంచి ఒక పెద్దాయన నాకు పార్సిలు పంపించాడు, విప్పితే తన జీవితమంతా రాసుకున్న కుక్కల రిజిస్టర్లు. తన అబద్ధం తానే రాసుకున్న మనిషి దగ్గర తన పుస్తకాలు భద్రంగా ఉంటాయని కింద చిన్న ఉత్తరం. తరువాత పూనా నుంచి, మైసూరు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో. డాష్‌హౌండ్లతో మొదలైంది వేరే జాతులకూ పాకింది. అందరూ ముందు చూసేది జనగామ పేజీనే. కొందరు తమ రిజిస్టర్లతో పాటు తమ తప్పులూ చీటీలు రాసి పంపేవాళ్ళు, ఇదీ చేర్చండని. ఏ పేజీ మావయ్య పరువు తీస్తుందని నేను భయపడ్డానో, ఆ పేజీయే ఆయన సంతకాన్ని మా తార్నాక దాటించింది. నా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నేను కట్టినవాటిలో ఇంకా నిలిచి ఉన్నది అదొక్కటే, నాకది చాలు.

మావయ్య ఈతలు మధిర దాకా వచ్చి ఆగిపోయాయి. విజయవాడకు ఇంకా కొన్ని పేర్లు మిగిలి ఉండగానే ఆయన వెళ్ళిపోయాడు. చర్చిలో సమాధుల పుస్తకంలో ఆయన పేరు నేనే రాశాను, తారీఖు రెండుసార్లు సరిచూసి మరీ. నేను రిటైరయ్యాక పేజీని బెంగళూరులో ఉన్న భార్యాభర్తలిద్దరికి అప్పగించాను. వాళ్ళు అడిగినవన్నీ మార్చుకోమన్నాను, ఆ నాలుగు ముక్కలు తప్ప.

"ఎవరు మేడం ఈయన, మీకు తెల్సా?" అంది ఆ రీసెర్చ్ అమ్మాయి, నా మొహం చూసి.

మా మావయ్య అన్నాను. ఆ అమ్మాయి ఫోనునూ నన్నూ మార్చి మార్చి చూసింది. "చెప్పకుంటే ఎవ్వరికీ తెల్వకపోతుండె గదా. మరి ఎందుకు చెప్పిండు?" అని, నా జవాబు కోసం ఆగకుండా తనే, ఇప్పుడైతే కుక్క నోట్లో దూది పుల్ల తిప్పి ల్యాబుకు పంపితే తండ్రెవరో, తాతెవరో, ముందుముందు ఏ జబ్బు వస్తుందో కూడా చెప్పేస్తున్నారని చెప్పింది. మంచిదే. పాతరోజులే బాగున్నాయని సణిగే మనిషిని కాను నేను, మల్లికి కూడా ఆ పరీక్ష చేయించాను. ల్యాబు అబద్ధం ఆడదు, ల్యాబుకు గార్డు గారి లాంటి స్నేహితులూ ఉండరు.

డాక్టరు పిలిస్తే లేచాను. వెళ్తూ ఆ అమ్మాయితో, ఎవరైనా అడిగితే జనగామ లైన్ అనకమ్మా, బుల్లోడి లైన్ అని చెప్పు అన్నాను. సరేనని నవ్వి, పిల్లను ఎత్తుకుని దాని చెవిలో ఆ పేరు చెప్పింది. ఇప్పుడు నిజం దానంతట అదే తెలిసిపోతోంది. చిల్లు మేజోడుతో చల్లటి రాళ్ళ మీద నడిచి వచ్చి ఒక మనిషి దాన్ని చెప్పాల్సిన పని లేకుండా పోయింది, ఆ పక్కన కూర్చుని టైపు చేసే అదృష్టం కూడా ఇక ఎవరికీ ఉండదు.